కనకవ్వ ఇంటి ఫ్యూజు

2018 జూన్ 17, ఆదివారం, ఉదయం పదిన్నర గంటలు. ఆకాశం మబ్బు పట్టి, తుంపర పడుతూ ఆగుతూ ఉన్నది. సిరిసిల్ల నేతకార్మికుల వాడలో అద్దెగది వెతుక్కుంటూ వెళ్లిన నేను, కనకవ్వను మొదటిసారి చూసింది అప్పుడే. వారానికి సరిపడే వంటంతా ఆదివారమే వండి, గడ్డకట్టించి దాచడం ఆమె వ్రతం. లోకం మామిడికాయను నిలవ పెడితే ఆమె పప్పును కూడా నిలవ పెట్టేది.

మేడమీది గది నచ్చిందని చెప్పగానే ఆమె నా ముందొక పళ్లెం పెట్టింది. అందులో ఇటుకవంటి వస్తువొకటి పొగలు కక్కుతున్నది. అవి వేడి పొగలు కావు.

"ఇదేమిటమ్మా?"

"చింతచిగురు పప్పు సారూ. కూసోండ్రి, కరుగుతది."

"ఆ పొయ్యి మీద ఉడుకుతున్నది కూడా పప్పే కదా?"

"గా పప్పు అచ్చే వారానికి. పోయిన వారంది ఒడవకుంట కొత్తది ఎట్ల పెడ్త?"

ఈ పద్ధతికి కారణం లేకపోలేదు. భర్త సారయ్య మరమగ్గం నడిపేవాడు. ఆమె అదే షెడ్డులో కండెలు చుట్టేది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడేది. మూతపడిన ఐస్‌క్రీం దుకాణం నుండి తెచ్చిన పాత ఫ్రీజరు వారి ముందుగదిని సగం ఆక్రమించి, ఇంటి పెద్దవలె గురకపెట్టేది. డబ్బాలపై ఆమె పేర్లు రాయదు. షెడ్డులో మిగిలిన నూలుపోగులు కట్టేది. పసుపు పోగు పప్పుకు, ఆకుపచ్చ గోంగూరకు, ఎరుపు మాంసానికి.

ఆ ఏడు పండుగ చీరల ఆర్డరు వచ్చి, షెడ్డంతా ఊదారంగే నేసింది. మిగిలిన పోగులూ ఊదావే, డబ్బాలన్నీ ఊదావే. నేను శనివారం మాంసం ముట్టనివాడను. ఒక శనివారం వారింట భోజనానికి కూర్చుంటే నా ముందుకొక గడ్డ వచ్చింది.

"ఇందులో ఏమున్నది కనకవ్వా?"

"కరిగితె తెలుస్తది."

సారయ్య వంగి చూసి, "సారూ, మాంసం బొక్క కనవడ్తుంది, లేవుండ్రి!" అని అరిచాడు.

ఫ్రీజరు తరువాత ఆ ఇంట్లో ప్రసిద్ధమైనది ఫ్యూజు. అది తరచు పోయేది. పోయినప్పుడల్లా కనకవ్వ దీపాలార్పి, ఎదురింటికి వినబడేలా కేకవేసేది.

"ఓ జమునా! ఫ్యూజు పోయింది, డబ్బాలు కరుగుతున్నయ్. జల్ది గిన్నె పట్టుకరా, లేకుంటె మోరీల పోసుడే!"

ఆర్డరు ముగిశాక జమున భర్త దుర్గయ్య పనిచేసే షెడ్డు మూతపడింది. అతడు మగ్గం పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికి వెళ్లాడు. అక్కడా ఇంకా మగ్గం దొరకలేదు. జమున ఇంట పొయ్యి వెలగని పూటలున్నవని అందరికీ తెలుసు. కాని ఆమె చేయి చాపే మనిషి కాదు. నేనొకసారి బియ్యం ఇవ్వబోతే, "మాకున్నయ్ సారూ" అని తలుపు వేసుకున్నది.

ఫ్యూజు సంగతి నాకు దిగులు కలిగించింది. నవంబరులో ఒక సాయంత్రం ఆ కేక వినగానే, వైరింగు పనిచేసే మహిపాల్‌ను వెంటబెట్టుకొని వచ్చాను. జమున అప్పటికే గిన్నెతో గడపలో నిలబడి ఉన్నది. మహిపాల్ మీటరు పెట్టె తెరిచి చూశాడు.

"ఫ్యూజు మంచిగనే ఉన్నది గద సారూ. పోయిందని ఎవలన్నరు?"

జమున గిన్నెను మెల్లగా కొంగుచాటుకు తీసుకున్నది. నేను కనకవ్వ వైపు తిరిగాను. వీపు వెనుక ఆమె పిడికిట్లో ఫ్రీజరు ప్లగ్గు ఉన్నది. ఆ గిన్నె ఆ పూట ఖాళీగా వెళితే మళ్లీ ఆ గడప తొక్కదు.

నేను బడిపంతులుగా ఉన్నంతకాలం అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించినవాడను.

"పోయింది మహిపాల్. మేడమీద నా పంకా కూడా ఆగిపోయింది" అన్నాను.

సరిగ్గా అప్పుడే పైనుండి నా పంకా కిర్రుకిర్రుమన్నది.

"గా పంకా గాలికి తిరుగుతుంది" అన్నది కనకవ్వ, రెప్ప వేయకుండా.

మహిపాల్ మా ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని చూశాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"అవును, పోయింది. పెద్ద రిపేరే ఉన్నది. ఇప్పట్ల గాదు."

గిన్నె కొంగుచాటు నుండి బయటికి వచ్చింది.

జమున వెళ్లాక కనకవ్వ ప్లగ్గు పెడుతూ అన్నది: "ఊకె ఇస్తె తీస్కోదు సారూ. బువ్వ పారబోసుడు పాపమంటె తీస్కుంటది. మీరు గిట్ల మిస్త్రీలను తోల్కరాకుండ్రి."

తరువాతి సంగతులు ఇవి. దుర్గయ్యకు భీవండిలో మగ్గం దొరికింది. జమున కుట్టుపని నేర్చి, చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నది. ఆపై ఏడాది కనకవ్వ జారిపడి చేయి విరగ్గొట్టుకోగా, ఆదివారం వంట మొదటిసారి ఆగింది. మరునాటి సాయంత్రం జమున ఊదాపోగు కట్టిన డబ్బాతో వచ్చి, "అక్కా, మా ఇంట్ల ఫ్యూజు పోయింది. గిది ఖరాబైతది, తీస్కో" అన్నది. ఎదురింట్లో టీవీ గట్టిగా మోగుతున్నది. కనకవ్వ డబ్బా అందుకున్నది. మహిపాల్ కోరుట్లలో ఎలక్ట్రికల్ దుకాణం పెట్టాడు. నేను జగిత్యాలకు మారాను. కనకవ్వ ఇంటి ఫ్యూజును ఇంతవరకు ఎవరూ బాగుచేయలేదు.