రథం తోలేవాడు ఎక్కడ తిన్నాడు?

ఈ రోజు ఒక మనిషి చేతికందిన సమయాన్ని నేను తినేశాను.

గల్ఫ్‌లో, నజ్మా పేటలోని మా గదిలో శుక్రవారాలు ఏడెనిమిది మందిమి చేరి పాతకాలపు నాయకులను జంటగా పోల్చుకుంటాం. ఒక గ్రీకువాడు, ఒక రోమన్. ఇవాళ్టి వంతు కడప నుంచి వచ్చిన ఒక ఇంటి డ్రైవర్‌ది. ఇంటి డ్రైవర్‌కు సెలవంటూ ఉండదు. మూడు వారాలు బతిమాలితే ఆ ఇంటి యజమానురాలు, మేడమ్, రెండు గంటలు వదిలింది. ఆమె బజారులో తిరిగినంతసేపూ కారులో కూర్చుని, ఫోన్‌లో చదివి, కాగితం మీద రాసుకుని తయారయ్యాడు.

ముందుమాటగా రెండు ముక్కలు చెబుతానన్న నేను గంటన్నర మాట్లాడాను. చట్టాలు, యుద్ధాలు, సెనేట్ తగాదాలు. నేను పనిచేసే వెస్ట్ బే ఆఫీసులో నా మాట ఎవరూ వినరు. ఆ ఉక్రోషమంతా ఈ గదిలో వెళ్ళగక్కుతుంటాను.

చివరికి అతను నోరు తెరిచాడు.

"అన్నా, నేను యుద్ధాలు చూడ్లే. వాళ్ళ రథం తోలేటోడు యాడ తినె, యాడ పండుకునె, అది చూసినా."

నాకు చిర్రెత్తింది. "ఏంటయ్యా నీ గోల! చరిత్ర చెప్పమంటే డ్యూటీ గురించి చెబుతావేంటి?"

"అన్నకి కలలో కూడా స్టీరింగేనండీ!" అన్నాడు గోదావరి కుర్రాడొకడు. అందరూ పకపకా నవ్వారు. అంతలో అతని ఫోన్ మోగింది. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ మేడమ్ గొంతు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక కూడా కాసేపు అతని మీదే విసుక్కున్నాను. తర్వాత ఆ విసుగు నా మీదికి తిరిగింది. ఇన్నేళ్ళు చదివి, ఆ ప్రశ్న నేనెందుకు వేయలేదు?

సాయంత్రం ఫోన్ చేస్తే అల్ ముంతజాలో టైలర్ దుకాణం ముందు ఉన్నానన్నాడు. వెళ్ళాను.

"తప్పు నాది. ఇప్పుడు చెప్పు, వింటాను."

"మేడమ్ బయటికొచ్చేదాకే అన్నా," అన్నాడు ముభావంగా. కాగితం తీశాక గొంతులో జీవమొచ్చింది.

"రథం తోలేటోని గురించి యాడా రాయలే అన్నా, కిందోళ్ళను ఎట్ల చూసిరో అదే దొరికె. గ్రీకు రాజుకు ఎడారిలో ఇనప టోపీ నిండా నీళ్ళు తెచ్చిరి. సైన్యానికంతా చాలవని పారబోసె. గొప్పే. కానీ ఎందుకు పారబోయాల? దప్పికైనోడు ఒగడన్నా తాగుండునే! రోమన్ సేనానికి వానలో ఒక్కటే గది దొరికె. జబ్బు పడిన స్నేహితునికిచ్చి తాను బయట పండుకునె. నాకు ఈయనే నచ్చినాడు."

పారబోయడం సైన్యానికి ధైర్యమివ్వడానికే అనే వాదన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పమని, ఫోన్‌లో రికార్డు చేసి, మా గ్రూపులో పెట్టాను. పైన ఇలా రాశాను: "మధ్యాహ్నం ఇతని సమయం తిన్నది నేను. ఎగతాళి మొదలుపెట్టిందీ నేనే. చివరిదాకా వినండి."