దాణా లేని పిలుపు

ఓర్లీన్ టాకెట్ రోజూ పొద్దున్నే, కాఫీ అయినా ముట్టకుండా, ఇనుప బకెట్‌లో దాణా పోసుకుని పెరటి కంచె దగ్గరికి వెళ్లి యోడెల్ పాడేది. ఛాతీలోంచి లేచిన గొంతు ఉన్నట్టుండి విరిగి పైకెగిరి, మళ్లీ కిందికి దిగే పాట అది. మాటలుండవు. వాగు ఒడ్డున మేస్తున్న ఆమె ముసలి గుర్రాలు చెవులు నిక్కించి పరుగున వచ్చేవి. "తండ్రీ, మాకూ వీటికీ ఇవాళ్టి తిండి ఇచ్చావు" అని బకెట్ దించేది. పక్క పొలం మాదే. ఆ పిలుపు వినబడ్డాకే నేను రొట్టెకు పిండి కలిపేదాన్ని.

మంచు తుఫానులో కూడా ఆమె ఉత్త చేతులతో పిలిచి ఎరగదు. "పిలిచామంటే పెట్టాలి, వెల్డా. పెట్టలేనప్పుడు నోరు మూసుకోవాలి" అనేది. పశువుల మందలు తోలిన వాళ్ల నాన్న మాట అది. ఆ పాటా ఆయనదే.

పడుచుతనంలో ఆమె దాన్ని శనివారం నాట్యాల్లోనూ, రేడియోలోనూ పాడింది. ఆ రోజుల్లో మా పల్లెపాట అంటే ఎక్కడో ఒకచోట గొంతు విరగాల్సిందే. భార్యను పోగొట్టుకున్నవాడికి, రైలెక్కి ఊరు వదిలినవాడికి, మంద పక్కన ఒంటరిగా ఉన్న కౌబాయ్‌కి, మాట చాలని చోట అదే దిక్కు. తర్వాత పట్నంవాళ్లు వయొలిన్లు వరసగా కూర్చోబెట్టి పాటల్ని నున్నగా చెక్కారు. గొంతు విరగడం మోటన్నారు. చివరికి అది నవ్వించేవాళ్ల పాలబడింది.

ఓర్లీన్ నొచ్చుకోలేదు. "నా గుర్రాలకి నచ్చింది, చాలు" అంది. అప్పటికే ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. దాణా కొట్టతను బస్తా షెడ్డు దాకా మోసి, మూతి కుట్టు విప్పి మరీ వెళ్లేవాడు. పచ్చిక బయలు దాటి గుర్రాల్ని పట్టి తెచ్చుకునే శక్తి ఆమెకు లేదు. అవి పిలుపుకు రాకపోయిన నాడు, పోయిన భర్త పెంచిన ఆ గుర్రాల్ని ఎవరికో ఇచ్చేయవలసిందే.

ఆ ఏడు వాగు అవతల కౌంటీ జాతరలో డెల్‌బర్ట్ ప్రూయిట్ అనే హాస్యగాడు వేదిక కట్టాడు. ముందుగా ఓర్లీన్ ఇంటికొచ్చి, ఆమె చిక్కుళ్లూ మొక్కజొన్న రొట్టే కడుపునిండా తిని, "మా పిల్లలకి వినిపిస్తానమ్మా" అని పాటను టేప్‌లోకి ఎక్కించుకుపోయాడు.

మొదటి మధ్యాహ్నం నేనూ చూశాను. వాడి నెత్తిన పసుపు జుట్టు విగ్గు, ఒంటి మీద ఆడవాళ్ల గౌను, పక్కన మేక. టేప్ పెట్టెలోంచి ఓర్లీన్ గొంతు విరిగినప్పుడల్లా వాడు మేక తోక మెలిపెట్టేవాడు. అది అరిచేది. జనం తింటున్న రొట్టెల్లోని ఆవపిండి ముద్ద గడ్డాల మీద కారుతుంటే తుడుచుకోకుండా నవ్వారు. ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చుని కీర్తనలు పాడేవాళ్లే.

అంతలో వాగు దాటి గుర్రాలు పరుగెత్తుకొచ్చాయి. జాతర కంచె మీద తలలు పెట్టి దాణా కోసం చూశాయి.

"చూశారా, నాకు గుర్రాల్లోనూ అభిమానులున్నారు!" అని వాడు టేప్ మళ్లీ వేశాడు. అప్పట్నుంచి రోజూ అదే ఆట; వచ్చిన గుర్రాలకు గింజ కూడా పెట్టేవాడు కాడు.

ఒక పొద్దున ఓర్లీన్ పిలుపు రెండుసార్లు వినబడింది. మళ్లీ ఇంకోసారి. పిండి చేతులతోనే పరుగెత్తాను. గుర్రాలు ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. ఆమె బకెట్ పట్టుకుని నిలబడే ఉంది.

"నా మాట నమ్మట్లేదే, వెల్డా" అంది.

ఆమెను బండిలో డెల్‌బర్ట్ దగ్గరికి తీసుకెళ్లాను.

"నా కూడు తిని నా గొంతు పట్టుకుపోయావు. పోనీ. నా నోటితో గుర్రాలకి అబద్ధం చెప్పిస్తావా?"

"సరదాకే కదా, ఓర్లీనమ్మా! మేక లేకపోతే ఈ యోడెల్ ఇంకెవడు వింటాడు?"

"మేకకి నీకన్నా శ్రుతి తెలుసు."

వాడు పళ్లు ఇకిలించాడు. ప్రభువు నన్ను క్షమించుగాక, ఆ పళ్ల సందుల్లో ఇరుక్కున్న మాంసం పీచు చూసి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. పక్కనే ఉన్న జాతర పెద్ద పొగాకు ఉమ్మి, "జనం అడుగుతున్నారు సిస్టర్, ఆపలేం" అన్నాడు. ఆయన మా చర్చి పెద్ద కూడా.

ఇంటికొచ్చాం. ఓర్లీన్ బండి దిగి, పొద్దుటి దాణా బకెట్ నా చేతికిచ్చింది.

"ఆ జాతర కంచె దాకా నేను రోజూ నడవలేను. మధ్యాహ్నం ఆ పెట్టె మోగినప్పుడు నువ్వు దీంతో అక్కడ నిలబడతావా, తల్లీ? ఒక్క గుర్రం వచ్చినా సరే, పెట్టు; నా పిలుపు అబద్ధం కాకూడదు. రేపూ, ఎల్లుండీ, వాడు పోయేదాకా. అందరూ నీ మీదా నవ్వుతారు, తెలుసు. అయినా అడుగుతున్నా."