చెల్లె అని రాయమన్న అక్క

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను మహబూబాబాద్‌కు జిల్లా బాలల సంరక్షణ అధికారిగా వేశారు. వీధుల్లో, స్టేషన్లలో దొరికిన పిల్లలను ఇరవై నాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. వాళ్లను ఎక్కడ ఉంచాలో కమిటీ ఆదేశిస్తుంది. ఆ ఆదేశానికి ఆధారం మేం రాసే నివేదిక. నిబంధనలన్నీ నాకు నోటికి వచ్చునని ఆఫీసులో పేరు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ వానాకాలం రైల్వే పోలీసులు ప్లాట్‌ఫారం మీది నుంచి ఇద్దరిని తీసుకొచ్చారు. పెద్దది సంధ్య, పదకొండేళ్లు. చిన్నది తన చెల్లెలు రాణి అని చెప్పింది. దానికి ఆరేళ్లుంటాయి, రెండు జడలు, మాసిన గౌను. వాళ్లది చిట్యాల దగ్గరి పల్లె. తల్లి చనిపోయింది, పనికని పోయిన తండ్రి తిరిగి రాలేదు. ఏడాదిగా రైలు పెట్టెలు ఊడ్చి, ప్రయాణికులు ఇచ్చింది తిని బతుకుతున్నారు.

కమిటీకి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. దవాఖానలో నర్సు చిన్నదాని గౌను విప్పబోతే సంధ్య అడ్డం పడింది. ఎందుకో వెంటనే తెలిసింది. వాడు మగపిల్లవాడు, అసలు పేరు రాజు. ఆడపిల్లలను ఒకచోట, మగపిల్లలను ఇంకోచోట పెడతారని స్టేషన్ పిల్లలు చెప్పగా విని, తమ్ముడికి జుట్టు పెంచి జడలు వేసిందట.

సంధ్య నా చేయి పట్టుకుంది. "మేడం, జర చెల్లె అనే రాయి. నీకు దండం పెడత. నేను లేకుంటే వాడు పండుకోడు. మమ్ముల ఇడదియ్యకు."

అబద్ధం రాయలేనన్నాను. అంతవరకు సరే. పదేళ్లు దాటిన ఆడపిల్లలుండే చోట మగపిల్లవాణ్ని ఉంచకూడదన్నది నిబంధన. కానీ తోబుట్టువులని చెప్పి, సడలించమని నివేదికలో ఒక్క వాక్యం రాయవచ్చు. రిటైరైన హెడ్మాస్టరైన కమిటీ చైర్మన్ అడిగారు కూడా. "చిన్నోడు గద మేడం, ఏం చేద్దామంటరు?"

నిబంధన ప్రకారమే సార్ అన్నాను. ఒకసారి సడలిస్తే ప్రతి కేసులోనూ అడుగుతారని నా లెక్క. ఏం తెలివో నాది.

సంధ్యను బాలికల గృహంలో చేర్చి, రాజును వేరే జిల్లాలోని బాలుర గృహానికి పంపాం. వారం వారం తమ్ముణ్ని చూపిస్తానని సంధ్యకు మాటిచ్చాను. ఒక వారం జీపు లేదు, ఇంకో వారం సమీక్ష. మూడో వారం బయల్దేరబోతుంటే ఫోను వచ్చింది. కూరగాయల ఆటో కోసం గేటు తీసినప్పుడు రాజు బయటికి పోయాడు. "అక్క కాడికి పోత" అని రోజూ ఏడ్చేవాడని అప్పుడు చెప్పారు.

జనగామ నుంచి డోర్నకల్ దాకా స్టేషన్లలో వాడి ఫొటో అంటించాం. అది చేర్చుకున్న రోజు గుండు చేయించి, చొక్కా తొడిగి తీసిన ఫొటో. టీ అమ్మేవాళ్లు చూసి, గీ పొరగాన్ని ఎరుగమన్నారు. వాళ్లకు తెలిసింది రెండు జడల రాణి. అది నాకు తట్టి, రైల్వే పోలీసులు మొదట తీసిన జడల ఫొటో వేయించేసరికి పది రోజులైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

సంధ్యకు నేనే వెళ్లి చెప్పాను. ఏడవలేదు. "చెల్లె అని రాస్తే ఏమైతుండె మేడం?" అంది. అబద్ధం అవసరం లేకుండానే ఇద్దరినీ ఒకచోట ఉంచగలిగేదాన్నని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

రాజు దొరకలేదు. రిటైరైన రోజు ఆ ఫైలును మూయకుండానే నా తర్వాత వచ్చిన ఆమెకు అప్పగించాను. ఈ ఉద్యోగంలో నిబంధన తెలిసి ఉండడం సగం పనే. సడలింపు అడగకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని కింద సంతకం మనదే.