తెర వెనక హారతి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఫోనులో కదలనిదేదైనా ప్రాణం లేనట్టే లెక్క అని. బటన్ నొక్కితే అది ఊగాలి, పేజీ వస్తే జారుకుంటూ రావాలి, ఏదైనా కుదురుగా ఉంటే నా చేతులు దురదపెట్టేవి. చదువైపోయి, విజయనగరంలో ఒక బట్టల కొట్టు మీది గదిలో నడిచే చిన్న ఆఫీసులో అప్పుడే చేరాను. మొత్తం నలుగురం. మా యజమాని ఏది అడిగినా "చూద్దాంలే" అనేవారు (అందుకే మేం చాటుగా ఆయన్ని చూద్దాంగారు అనుకునేవాళ్ళం). నన్ను మూణ్ణెల్లు చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నారు. మూడో నెలలో నాకు దొరికిన పని, రామతీర్థం వెళ్ళే దారిలో మా మావయ్య అర్చకత్వం చేసే గుడికి యాప్ తయారుచెయ్యడం. "గుడివాళ్ళు మెచ్చుకుంటే ఉంటావు, లేకపోతే చూద్దాం," అన్నారాయన. ఆ చూద్దాం అంటే ఇంటికెళ్ళిపొమ్మనడమేనని నాకు తెలుసు.

సేవలు, వాటి వేళలు, పండగల పట్టిక, ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాతి పది రోజులూ హారతి మీదే పెట్టాను. యాప్ తెరవగానే స్వామి బొమ్మ ముందు హారతి పళ్ళెం మూడు చుట్లు తిరిగి నిలబడాలి. రెండు సెకన్ల యానిమేషన్. పళ్ళెం పైకి వెళ్ళేటప్పుడు కాస్త నెమ్మది, దిగేటప్పుడు కాస్త జోరు, ఎంత ముద్దుగా తిరిగేదో చెప్పలేను. ఇక మర్నాడు గుడిలో చూపించాలనగా చూద్దాంగారు వచ్చి, యాప్ తెరుచుకునేటప్పుడు ముందుగా మన ఆఫీసు గుర్తుతో ఒక తెల్లటి తెర రెండు సెకన్లు కనబడాలన్నారు. ఐదు నిమిషాల్లో పెట్టేశాను. పెట్టాక మళ్ళీ తెరిచి చూసుకోలేదు (పది రోజులుగా చూస్తున్న హారతే కదా అని పొగరు).

మర్నాడు పొద్దున్న చూద్దాంగారితో గుడికి వెళ్ళేసరికి మండపంలో గుడి కమిటీ పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. అందరికీ పెద్ద, బడిలో పని చేసి రిటైరైన హెడ్మాస్టారు తాతగారు. ఆయన ముందు ఫోను పెట్టి, "ఇప్పుడు హారతి తిరుగుతుంది చూడండి తాతగారూ," అన్నాను. తెల్ల తెర వచ్చింది, వెళ్ళింది. స్వామి కనబడ్డారు. పళ్ళెం ఆయన పాదాల దగ్గర చడీ చప్పుడూ లేకుండా కూర్చుని ఉంది. "ఏటి తిరిగినాదమ్మా?" అన్నారాయన. మూసి మళ్ళీ తెరిచాను. అదే వరస. "మనకే సూపు ఆనలేదేమో," అని ఇంకో పెద్దాయన నన్ను కాపాడబోయారు. ఆ జాలి నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. మరీ తొందరగా తిరిగిపోతున్నట్టుందనుకుని, అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి రెండు సెకన్లని మూడు చేశాను. ఈసారి తెల్ల తెర పోయేసరికి పళ్ళెం ఆఖరి చుట్టులో ఉంది. అది పూర్తిచేసి ఆగిపోయింది. అంతదాకా మాట్లాడని ఒకాయన మెల్లిగా అడిగారు, "ముందు రెండు సుట్లూ ఎవులికి ఇచ్చినావమ్మా?" అందరూ నవ్వారు. చూద్దాంగారు మాత్రం మండపం కప్పుకేసి చూస్తూ, "చూద్దాంలే," అన్నారు.

ఇంతలో నైవేద్యం వేళయింది. మావయ్య గర్భగుడి ముందు తెర లాగేశాడు. అందరం లేచి నిలబడ్డాం. లోపల గంట మోగింది, తెర తొలిగింది. మావయ్య చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కర్పూరం, కానీ వెలిగించలేదు. నా పక్కనున్న ముసలమ్మ కళ్ళజోడు కోసం చేతిసంచిలో వెతుక్కుంటోంది. ఆమె దాన్ని తీసి, తుడిచి, పెట్టుకునేదాకా మావయ్య అలాగే నిలబడి, అప్పుడు వెలిగించాడు. చిన్నప్పట్నుంచీ వందలసార్లు ఆ గుడికి వెళ్ళిన నేను దాన్ని గమనించింది ఆవేళే. తీర్థం ఇచ్చేటప్పుడు, "ఎందుకాగావు మావయ్యా?" అని అడిగాను.

"అదేం ప్రశ్నే? తెర ఎనకాల ఇచ్చేస్తే స్వామి సూస్తాడు గానీ జనం సూడరు కదే. తెర పూర్తిగా తొలగాల, ఆళ్ళ సూపు నిలబడాల, అప్పుడు ఇవ్వాల," అన్నాడు, ఇంత చదివించినా దీనికి ఇది కూడా తెలీదే అన్నట్టు నన్ను చూసి.

చేతిలో తీర్థం అలాగే ఉండిపోయింది. నా పళ్ళేనికి ఏ లోపమూ లేదు, పాపం. యాప్ తెరిచిన క్షణాన్నే లేచి, తెల్ల తెర వెనక శ్రద్ధగా మూడు చుట్లూ తిరిగి, తెర పోయేసరికి పని ముగించుకుని కూర్చుంటోంది. స్తంభం పక్కన కూలబడి, ఒళ్ళో పులిహోర దొన్నె పెట్టుకుని, ఒక్క వరస కోడ్‌ని ఉన్నచోటు నుంచి తీసి ఇంకోచోట పెట్టాను: తెల్ల తెర పూర్తిగా పోయాక, ఇంకో అరసెకను ఆగి హారతి మొదలవ్వాలి. మళ్ళీ చూపించాను. పళ్ళెం మూడు చుట్లు తిరిగింది. "ఇందాకట్నుంచి దీన్ని ఎక్కడ దాసినావు?" అన్నారు తాతగారు. చూద్దాంగారు చూద్దాం అనలేదు. "సోమవారం కాస్త పెందరాళే రా, కొత్త పని ఉంది," అన్నారు.

అందరూ వెళ్ళాక మావయ్య పంచెకి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను అడిగితే, యాప్ తెరిచి ఇచ్చాను. నలభై ఏళ్ళుగా హారతి ఇస్తున్న మనిషి, ఎప్పుడూ స్వామి పక్కన నిలబడేవాడే గానీ, జనంలో నిలబడి చూసి ఎరగడు. పళ్ళెం ఆగాక రెండు చేతులూ ఆ ఫోను అద్దం మీద పెట్టి కళ్ళకద్దుకున్నాడు. "ఇటుపక్కనుంచి ఇలాగ ఉంటాదా," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

నేనేమో, "రెండో చుట్టు కొంచెం తడబడుతోంది మావయ్యా, రేపు సరిచేస్తాను," అన్నాను. ఆనాటి నన్ను, ఆ పిల్లని, తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది. ఇప్పుడైతే ఏమీ అనకుండా, ఆయన పక్కన కాసేపు నిలబడి ఉండేదాన్ని.