ఏటికి అవతల నాలుగో తరగతి

తడి గుడ్డను గాలిలో విదిలించిన చప్పుడు, ఫెళ్లుమని. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఫెళ్లు. ఆసుపత్రి వెనక బట్టలుతికే గదికి తలుపు లేదు, ఆవిరే తెర. ఆ తెరలోంచి ముందు రెండు చేతులు వచ్చాయి, తరవాత మనిషి. నీళ్లలో నాని తెల్లబడ్డ చేతులు, వేళ్ల సందుల్లో ఎర్రటి పగుళ్లు. ఆమెను అందరూ దుప్పట్లక్క అంటారు.

"చూస్తూ నిలబడ్డావేం? ఆ కొస పట్టుకో," అంది, ఆ రోజే పనిలో చేరిన నాతో.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. దూరంగా జరిగి లాగాలి, దగ్గరికొచ్చి అంచులు కలపాలి. దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె కథ కొంచెం కొంచెంగా నా చేతికందింది.

ఆమె పుట్టింది ఏటికి అవతల, పక్క రాష్ట్రంలో. అక్కడ ప్రాథమిక బడి నాలుగో తరగతితో ముగుస్తుంది. ఆఖరి రోజున పంతులమ్మ తలా ఒక పువ్వు చేతిలో పెట్టి, ఇక్కడికి మీ బడి పూర్తయిందని చెప్పింది. గేటు దగ్గర నిలబడ్డ తండ్రి ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు, "పూర్తయిందిగా, ఇక పద" అన్నాడు. పువ్వు వాడకముందే పిల్ల తల్లి వెంట ఉతుకుడు పనిలో ఉంది. ఏటికి ఇవతలైతే ప్రాథమిక బడి ఐదు దాకా.

"ఇటు పుట్టుంటే ఇంకో ఏడాది కూర్చునేదాన్ని," అంది అంచు అందిస్తూ.

పెళ్లి ఆమెను ఇవతలికి తెచ్చింది, ఆసుపత్రి మందునీళ్లు చేతుల్ని తినేశాయి. ఇక నీళ్లు ముట్టుకుంటే వేళ్లు మిగలవంది డాక్టరమ్మ. సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు దాచే కొట్టుగది చూసుకునే పని ఖాళీ అయింది. పొడి గది, పొడి పని. ప్రాథమిక చదువు పూర్తయితే చాలన్నారు. ఆమె ఎగురుకుంటూ ఆఫీసుకు వెళ్లింది.

"పూర్తి చేశానండీ. మా వైపు నాలుగే."

"మీ వైపు నాలుగైతే కావచ్చమ్మా. ఇక్కడ ఐదు," అన్నాడు గుమాస్తా.

మనవరాలు అప్పుడు ఐదులోనే ఉంది. ఒకే పుస్తకం మీదికి రెండు తలలు వంగాయి.

"చేతులు కట్టుకుని కూర్చో అమ్మమ్మా!"

"కట్టుకుంటే పగుళ్లు విచ్చుకుంటాయే తల్లీ."

"అయితే గోడవైపు తిరిగి నిలబడు."

మంచం మీంచి మొగుడు సకిలించేవాడు. "ఏం, మంత్రి పదవి గాని వస్తోందా?"

"వస్తే ముందు నిన్నే బంట్రోతుగా వేయించుకుంటా."

ఐదో తరగతి పరీక్షనాడు బల్లకింద ఆమె మోకాళ్లు పట్టలేదు. పక్క పిల్లాడు జవాబు చూపించమని గోకుతూనే ఉన్నాడు. పెన్ను పట్టుకున్న చోట వేలు చిట్లి కాగితం మీద చిన్న మరక పడింది. అయినా గట్టెక్కింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని మళ్లీ గుమాస్తా ముందు నిలబడింది.

"రూలు మారిందమ్మా. ఈ ఏడు నుంచి ప్రాథమికం అంటే ఎనిమిది దాకా."

"మొన్ననేగా ఐదన్నారు!"

"మొన్నటిది మొన్న. పైవాళ్లు మార్చారు, నేనేం చెయ్యను?"

"మరి నా ఐదు?"

"నీ దగ్గరే ఉంచుకో."

కొట్టు తాళం ఎనిమిది చదివిన వేరే ఎవరికో వెళ్లింది. ఇంటికొస్తే మనవరాలు గుమ్మంలో ఎదురొచ్చింది. "అయితే నాది కూడా పూర్తి కాలేదా అమ్మమ్మా?" ఆ పిల్లను ఎత్తుకుని తిప్పిందట. ఇంకా మూడేళ్లు దాన్ని బడి మాన్పించమని ఎవరూ అనలేరుగా. ఆ సంతోషం తెల్లారేదాకానే నిలిచింది. తెల్లారి ఆమె చేతులు మళ్లీ తొట్టిలోకి దిగాయి.

ఆఖరి మడత పెట్టడానికి నా దగ్గరికొచ్చింది. నా వేళ్ల మీదినుంచి దుప్పటి తీసుకుంటున్నప్పుడు ఆమె వేళ్లు గరుగ్గా, చల్లగా తగిలాయి.

"మా నాన్నే నయం. పూర్తయిందని ఒక్కసారే అన్నాడు, మళ్లీ మాట మార్చలేదు. వదులు, ఇది అయిపోయింది. ఇంకోటి తియ్."