సగం నది

చైనాలోని లాంజౌ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే రువాన్ మాస్టారు నీలం కోటు నిండా సుద్దపొడితో, కుడిచేతి గోళ్ళు పొడుగ్గా పెంచుకుని కనిపించేవారు. ఆ గోళ్ళు ఏడు తీగల గుచిన్ మీటడానికి. ప్రయోగశాలలో అద్దాలు సర్దుతూ కూడా బల్ల మీద వేళ్ళతో ఏదో వాయిస్తూనే ఉండేవారు. "మన రువాన్ సంగీతంలో ఉండాల్సిన మనిషయ్యా, దారి తప్పి ఇక్కడికొచ్చాడు," అని చూ అనే తోటి ఆచార్యుడు నవ్వేవాడు. రువాన్ తను కట్టిన బాణీలు సంగీత కళాశాలకు తీసుకెళితే, అక్కడి పెద్దాయన మర్యాదగా టీ పోసి, "లెక్క బాగా కుదిరింది మాస్టారూ, పాటే ఇంకా రావాలి," అన్నాడు. రెండు మాటలకీ ఆయన తలూపారు.

భార్య పెయ్‌యున్ పుట్టిన ఊరి నది మీద ఏళ్ళ తరబడి కడుతున్న బాణీ, ఆమె కాలేయ జబ్బుతో మంచం పట్టిన చలికాలంలో పూర్తయింది. ఇక ఇంటికి తీసుకెళ్ళమని డాక్టర్లు చెప్పిన మర్నాడు, ఆయన మంచం పక్కన కూర్చుని వాయించడం మొదలుపెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని ఓపిగ్గా వింది. స్వరం కిందికి దిగి, కాసేపు ఆగి మళ్ళీ లేవాల్సిన చోట కళ్ళు తెరిచింది.

"అయిపోయిందా?"

ఆయన బాణీలో నది ఇంకా ఆమె ఊరిదాకా రానేలేదు.

"అయిపోయింది," అన్నారు రువాన్.

"బాగుందండీ. కాస్త ఆ రేడియో పెట్టరూ, నాటకం పాటలొచ్చే వేళయింది."

ఆయన పెట్టారు. డప్పులూ తాళాలూ గదంతా మోగాయి. పెయ్‌యున్ పెదవులు పాటతో పాటు కదలసాగాయి. రువాన్ తీగల మీద గుడ్డ కప్పి వచ్చి, రేడియో ఇంకాస్త పెంచారు.