ఐదు పడ్తేనే వంగుతది

కప్పలకు సోకే ఒక వైరస్‌ను మైక్రోస్కోపుతో తీసిన వేల ఫొటోలు కలిపి, దాని నిండు ఆకారాన్ని రాబట్టడం అప్పట్లో నా పరిశోధన. దేవరకొండ బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి, గుబ్బలు పేర్చిన బంతిలాంటి ఆ బొమ్మను తిప్పి చూస్తున్నాను. పక్కసీటులో ఒక అవ్వ, ఒడిలో తను అల్లిన కోళ్ల గంపతో కూర్చుని ఉంది.

"ఏం గంప బిడ్డా గది?"

"గంప కాదవ్వా, రోగం పురుగు. కంటికి కనపడది. కప్పలను సంపుతది."

"కప్పల రోగానికి గింత సదువా!" అని ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

ఆమె ఇంకాస్త వంగి, బొమ్మలో ఒక మూల మీద గోరు పెట్టింది. "మూలకున్న గీ గుబ్బ సుట్టు ఐదే గుబ్బలున్నయి. నడుమ ఉన్నవాటి సుట్టు ఆరున్నయి."

చూపించినా చాలామందికి దొరకని తేడా అది.

"ఎట్ల కనవడ్డదవ్వా నీకు?"

ఆమె గంపను బోర్లించి, వంపు తిరిగే చోట నా వేలు పట్టుకుని ఆనించింది. అక్కడి కన్నానికి ఐదే మూలలు, మిగతావాటికి ఆరు. "అంత ఆరే అల్లితె సాప తీరు పరుసుకుంటది. ఐదు పడ్తేనే వంగుతది బిడ్డా."

కొండమల్లేపల్లిలో ఆమె దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఆ ఏడాది నా పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, మూలల్లో ఐదే ఎందుకని అడిగారు. లెక్కలు పక్కనపెట్టి, కాగితం పట్టీలు కత్తిరించి అల్లాను. ఐదు పడ్డ చోట కాగితం గిన్నెలా పైకి లేచింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నారు.

"దేవరకొండ బస్సులో సార్," అన్నాను.